నలుగురూ నోరు విప్పాలంటే నడిపేవాళ్ళు ఏం చెయ్యాలి?

ఈ నెల ప్రశ్నల పేజీ మొత్తం ఒకే విషయానికి ఇచ్చేశాం. పదిమందిని ఒకచోట చేర్చి మాట్లాడించే బాధ్యత నెత్తిన పడినవాళ్ళు రాసిన ఉత్తరాలివి. అపార్ట్‌మెంట్ ప్రెసిడెంటు నుంచి పదో తరగతి బ్యాచ్ వాట్సాప్ గ్రూపు అడ్మిన్ దాకా ఉన్నారు. ఉత్తరాలు కాస్త కుదించాం, పేర్లు తీసేశాం.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్‌లో 60 ఫ్లాట్లు. పోయిన ఏడాది నన్ను ప్రెసిడెంట్‌ని చేశారు. జనరల్ బాడీ మీటింగ్ అంటే ముందురోజు నుంచే నాకు టెన్షన్. నీళ్ళ ట్యాంకర్ల ఖర్చుతో మొదలై పార్కింగు, పెంపుడు కుక్కలు, పాత కమిటీ లెక్కలు అన్నీ కలిసిపోయి అరుపులతో ముగుస్తుంది. నేను ఎంత వివరించినా ఎవరూ వినరు. ఏం చెయ్యాలి?
— హైదరాబాద్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: ‘నేను ఎంత వివరించినా’ అని రాశారు చూశారా, చిక్కంతా అక్కడే ఉందండీ. ట్యాంకర్ల ఖర్చు ఎందుకు పెరిగిందో మీరే చెప్తున్నారు, దాని మీద వచ్చిన ప్రశ్నకు మీరే జవాబిస్తున్నారు, తర్వాత ఎవరు మాట్లాడాలో కూడా మీరే చెప్తున్నారు. దాంతో మీరు మీటింగ్ నడిపే మనిషిలా కాకుండా ఒక పక్షం వకీలులా కనబడుతున్నారు. అలా కనబడ్డాక ‘ఆగండి, ఆయన్ని మాట్లాడనివ్వండి’ అని మీరు ఎంత న్యాయంగా అన్నా ఎవరూ ఆగరు.

అసెంబ్లీ లైవ్ చూసేటప్పుడు గమనించే ఉంటారు, ఎంత కోపంలో ఉన్న ఎమ్మెల్యే అయినా ‘అధ్యక్షా’ అనే మొదలుపెడతాడు. ఎదుటి పార్టీ మనిషిని దులిపేస్తున్నా మాట మాత్రం స్పీకర్‌కి చెప్పాలి. ఇద్దరు నేరుగా తగులుకుంటే మూడోవాడికి చోటుండదు, మధ్యలో ఒక మనిషిని పెడితే వేడి కొంత తగ్గుతుంది. అయితే ఆ మనిషి ఎటువైపూ లేడని అందరూ నమ్మినప్పుడే ఈ ఏర్పాటు పని చేస్తుంది. నీలం సంజీవరెడ్డి 1967లో లోక్‌సభ స్పీకర్ అయ్యాక కాంగ్రెస్ పార్టీ సభ్యత్వానికే రాజీనామా చేశారు. 1999 ఏప్రిల్ 17న వాజ్‌పేయి ప్రభుత్వం 269-270తో, ఒకే ఒక్క ఓటు తేడాతో పడిపోయిన రోజు స్పీకర్ కుర్చీలో ఉన్నది అమలాపురం ఎంపీ జీఎంసీ బాలయోగి. ఆయన పార్టీ తెలుగుదేశం ఆ రోజు ప్రభుత్వం వైపే ఓటేసింది. ఆయన వెయ్యలేదు, వెయ్యడానికి వీల్లేదు కూడా. రాజ్యాంగం 100వ అధికరణం ప్రకారం రెండు వైపులా ఓట్లు సమానమైతేనే స్పీకర్‌కి ఓటు. ప్రభుత్వం ఉంటుందా ఊడుతుందా అన్న చోట కూడా కుర్చీలో కూర్చున్నవాళ్ళు పక్కన ఉండాలని రాసుకున్న దేశం మనది, ట్యాంకర్ల బిల్లు దగ్గర మీరూ ఉండగలరు.

అమెరికా సైన్యంలో ఇంజినీరుగా పనిచేసిన హెన్రీ మార్టిన్ రాబర్ట్‌ని 1863లో న్యూ బెడ్‌ఫర్డ్ అనే ఊళ్ళో ఒక చర్చి సమావేశానికి అధ్యక్షుడిగా కూర్చోబెట్టారు, అది గోలగోలగా తయారైంది. ఆ తర్వాత ఆయన సభలు ఎలా నడపాలో ఏళ్ళ తరబడి చదివి 1876లో ఒక నియమావళి అచ్చువేశాడు, అక్కడి సంఘాలు ఇప్పటికీ దాన్ని వాడుతున్నాయి. అందులో చాలా తతంగం ఉంది కానీ మీకు మూడు నియమాలు చాలు. ఒక విషయం తేలేదాకా రెండోది ఎత్తకూడదు. మాట్లాడాలనుకున్న అందరికీ ఒక్కో అవకాశం వచ్చేదాకా ఎవరికీ రెండోసారి ఇవ్వకూడదు. మాట కుర్చీలో ఉన్న అధ్యక్షుడితో చెప్పాలి, అవతలి మనిషిని అనకూడదు. ఈ మూడూ పెద్ద అక్షరాలతో రాసి మీటింగ్ హాల్లో అంటించండి, మొదలుపెట్టే ముందు చదివి ‘ఒప్పుకుంటున్నారా’ అని అడగండి. గొడవ మొదలయ్యాక చెప్పిన రూలు ఎవరి మీదో ఎక్కుపెట్టినట్టే ఉంటుంది, అందుకే ముందు.

లెక్కల కాగితం మీటింగ్‌లో పంచకండి, వారం ముందే అందరికీ పంపండి. సగం అరుపులు అంకెలు అప్పుడే చూడటం వల్ల వస్తాయి, మనిషి చదువుకోకముందే అనుమానపడతాడు. ట్యాంకర్ల సంగతి ట్రెజరర్ చెప్పాలి, మీరు కాదు. అజెండాలో మూడే విషయాలు పెట్టండి, అన్నిటికన్నా కష్టమైనదాన్ని మధ్యలో పెట్టండి, ఎందుకంటే మొదట్లో సగం మంది రారు, చివర్లో సగం మంది ఉండరు. కుక్కల సంగతి ఎవరైనా ఎత్తితే ‘అది ముఖ్యమే, వచ్చే మీటింగ్‌కి రాస్తున్నాను’ అని వాళ్ళ ముందే చార్టు మీద రాయండి, రాసినదాన్ని నిజంగానే వచ్చేసారి మొదటి విషయంగా తీసుకోండి. ఏదైనా విషయంలో మీకే గట్టి అభిప్రాయం ఉంటే కుర్చీ వైస్ ప్రెసిడెంట్‌కి అప్పగించి, వెళ్ళి జనంలో కూర్చుని, మీ వంతు వచ్చినప్పుడు చెయ్యెత్తి మాట్లాడండి. ఇలా ఒక్కసారి చేసి చూడండి, తర్వాత మీ మాటకు వచ్చే విలువ వేరు.

ఇంకొకటి. మీ అసోసియేషన్ 2001 నాటి సొసైటీల చట్టం కిందో, 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కిందో రిజిస్టరై ఉండవచ్చు. ఏదైనా సరే బైలాస్, అంటే సంఘం సొంత నియమావళి, బయటికి తీసి చదవండి. కోరం (మీటింగ్ చెల్లాలంటే ఉండాల్సిన కనీస మంది) ఎంత, నోటీసు ఎన్ని రోజుల ముందు ఇవ్వాలి, అద్దెకున్నవాళ్ళకి ఓటుందా లేదా అన్నవి మీటింగ్‌లో వాదించుకోవాల్సినవి కావు, అందులో చూసి చెప్పాల్సినవి.

ప్రశ్న: మా ఊరి గ్రంథాలయంలో కుర్రాళ్ళం కలిసి ఆదివారం చర్చలు పెడుతున్నాం. ఇద్దరు రిటైర్డ్ మాస్టార్లు గంటసేపు మాట్లాడతారు, మిగిలినవాళ్ళం తలలూపుతాం. మొదట్లో వచ్చిన ఆడపిల్లలు మానేశారు. మాస్టార్లను ఏమీ అనలేం, మాకు చదువు చెప్పినవాళ్ళు. ఏంటి దారి?
— బాపట్ల జిల్లా నుంచి ఒక పాఠకుడు

జవాబు: మీ జిల్లాలోనే వేటపాలెం సారస్వత నికేతనం ఉంది, 1918 నుంచి. 1914 ఏప్రిల్‌లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టిన రోజుల్లో మన ఊళ్ళలో గ్రంథాలయం అంటే పుస్తకాల బీరువా ఒక్కటే కాదు, చదువు రానివాళ్ళకి పత్రిక చదివి వినిపించి, దాని మీద మాట్లాడుకునే చోటు. మీరు చేస్తున్నది ఆ పనే. అందుకే ఇది ఆగిపోకూడదని నాకు చాలా ఉంది.

మాస్టార్లను తగ్గించమనడం లేదు, వాళ్ళ వంతు మార్చమంటున్నాను. మన సైనిక న్యాయస్థానాల్లో సభ్యుల అభిప్రాయం తీసుకునేటప్పుడు అందరికన్నా కింది ర్యాంకు అధికారితో మొదలుపెట్టి పైకి వెళ్తారు. పెద్దాయన ముందే చెప్పేస్తే చిన్నవాడు ఆయనకు ఎదురు చెప్పలేడని ఆ నియమం పెట్టారు. మీరూ అదే చెయ్యండి, అందరికన్నా చిన్నవాళ్ళతో మొదలుపెట్టి మాస్టార్ల దగ్గర ముగించండి. వాళ్ళకి శనివారమే ఇంటికి వెళ్ళి చెప్పండి, ‘మాస్టారూ, రేపు అందరూ మాట్లాడాక మీరిద్దరూ విన్నదాని మీద చెరో పది నిమిషాలు చెప్పాలి, మేం ఎక్కడ తప్పు మాట్లాడామో, ఎక్కడ ఇంకా చదవాలో’ అని. ఇందులో అవమానం ఏమీ లేదు, చివరి మాట పెద్దలది కావడం మన దగ్గర మర్యాదే. పైగా వాళ్ళు ఆ గంటా వినాల్సి వస్తుంది. జీవితమంతా క్లాసులో మాట్లాడినవాళ్ళకి, రిటైరయ్యాక వినేవాళ్ళు దొరకనివాళ్ళకి, ఒక ఆదివారం చేతికొస్తే గంట మాట్లాడటం సహజం, వాళ్ళ మీద కోపం పెట్టుకోకండి.

విషయం ఎలా పెడుతున్నారో కూడా చూసుకోండి. ‘యువత – సాహిత్యం’ అని పెడితే ఉపన్యాసమే వస్తుంది. ‘మన ఊరి హైస్కూల్లో పదో తరగతి అయ్యాక ఆడపిల్లలు ఎందుకు ఆగిపోతున్నారు’ అని పెడితే ప్రతివాళ్ళ దగ్గరా చెప్పడానికి ఏదో ఒకటి ఉంటుంది. మొదలుపెట్టగానే అందరికీ చిన్న కాగితం ముక్క ఇచ్చి ఐదు నిమిషాలు ఏమీ మాట్లాడకుండా రాయమనండి, తర్వాత వరసగా చదవమనండి. మాట్లాడటానికి భయపడే పిల్ల కూడా రాసుకున్నది చదవగలదు. కుర్చీలు వరసల్లో వెయ్యకండి, గుండ్రంగా వెయ్యండి. వరసల్లో వేస్తే ముందు కూర్చున్నవాళ్ళకే మాట దక్కుతుంది, వెనక వాళ్ళు ప్రేక్షకులు.

ఆడపిల్లలు ఎందుకు మానేశారో మీలో మీరే అనుకోకుండా వాళ్ళనే అడగండి. టైమ్ కావచ్చు, చీకటి పడేలోపు ఇంటికి చేరాలి. ఎవరో మాట మధ్యలో నవ్వి ఉండవచ్చు. లేదా ఇంట్లోవాళ్ళు వద్దని ఉండవచ్చు, అప్పుడు మీరు వెళ్ళి మాట్లాడాల్సింది వాళ్ళ అమ్మతో. కారణం తెలిశాక ఒక ఆదివారం మొత్తం నడిపే బాధ్యత ఇద్దరు అమ్మాయిలకు ఇవ్వండి, విషయం వాళ్ళే ఎంచుకోవాలి. ఆ రోజు మీరు కుర్చీలు సర్దే పని చూసుకోండి.

ప్రశ్న: మా పదో తరగతి బ్యాచ్ వాట్సాప్ గ్రూపుకి నేను అడ్మిన్. 140 మందిమి. ఎన్నికలప్పుడు పార్టీల మీద తిట్టుకుని ఇద్దరు వెళ్ళిపోయారు. ఒకడు పొద్దున లేస్తే ఫార్వర్డ్‌లే, వాడు నా ప్రాణస్నేహితుడు. పైగా ఎవరు తప్పుడు పోస్టు పెట్టినా పోలీసులు అడ్మిన్‌ని పట్టుకుంటారని అంటున్నారు. నిజమేనా? గ్రూపే మూసేద్దామా?
— ఖమ్మం నుంచి ఒక పాఠకుడు

జవాబు: ముందు ఆ భయం సంగతి. బాంబే హైకోర్టు నాగపూర్ బెంచ్ 2021లో, కేరళ హైకోర్టు 2022లో ఇలాంటి కేసుల్లోనే తీర్పులిచ్చాయి. గ్రూపులో ఇంకొకరు పెట్టిన పోస్టుకి, అడ్మిన్ అన్న ఒక్క కారణంతో ఆ మనిషిని నేరస్తుడిని చెయ్యలేమని చెప్పాయి. ఇద్దరూ కలిసి అనుకుని చేసిన పని అయితే అది వేరే సంగతి. కాబట్టి ఆ భయంతో గ్రూపు మూసెయ్యక్కర్లేదు. కానీ మతం మీద, కులం మీద విషం చిమ్మే పోస్టు కనబడితే వెంటనే తీసెయ్యండి. ఇతరులు పెట్టిన మెసేజ్‌ని కూడా అందరికీ కనబడకుండా తొలగించే వీలు అడ్మిన్‌కి 2022 నుంచి ఉంది. ఎందుకు తీశారో ఒక్క వాక్యం రాయండి. చెప్పకుండా తీస్తే పక్షపాతం అంటారు, పేజీ రాస్తే కొత్త గొడవ.

ఫార్వర్డ్‌లకి నేను చెప్పే రూలు చాలా చిన్నది. బాగా చేతులు మారిన మెసేజ్ మీద వాట్సాప్ రెండు బాణాల గుర్తు పెడుతుంది. అలాంటివాటిని 2020 ఏప్రిల్ నుంచి ఒకసారికి ఒక్క చాట్‌కే పంపనిస్తోంది. ‘రెండు బాణాలున్నది మన గ్రూపులో పెట్టకూడదు’ అనండి, అయిపోయింది. అది ఏ పార్టీది, ఏ దేవుడిది, మంచిదా చెడ్డదా అని మీరు తీర్పు చెప్పాల్సిన పని లేదు, బాణాలు ఉన్నాయా లేవా చూస్తే చాలు. మీరు తీర్పరి అయిన రోజు నుంచే గొడవ మీ మీదికి వస్తుంది. ‘మంచి విషయమే కదా, పెడితే ఏమైంది’ అనేవాళ్ళు ఉంటారు. క్లాస్‌మేట్ వాళ్ళ నాన్నకి రాత్రి ఓ నెగటివ్ రక్తం కావాలని పెట్టిన మెసేజ్, యాభై గుడ్ మార్నింగుల కింద పడిపోతే ఏమవుతుందో వాళ్ళని ఆలోచించమనండి.

పార్టీల మాట. మొత్తం నిషేధిస్తే మనుషులకి ముఖ్యమైన విషయమే లేకుండా పోతుంది, అలాంటి గ్రూపులో మిగిలేది పుట్టినరోజు కేకులు. ఇష్టమున్నవాళ్ళకి దానికోసం ఇంకో గ్రూపు పెట్టండి, అక్కడ మాత్రం అడ్మిన్లు ఇద్దరు ఉండాలి, ఇద్దరూ ఒకే పార్టీకి ఓటేసేవాళ్ళు కాకూడదు. పెద్ద గ్రూపులో కూడా అడ్మిన్‌గా మీరొక్కరే ఉండటం మంచిది కాదు. కనీసం ఒక మహిళని పెట్టండి. ఏ పోస్టు చూసి ఆడవాళ్ళు మాట్లాడకుండా ఉండిపోతున్నారో మగవాళ్ళకి చాలాసార్లు తెలియనే తెలియదు.

రాత్రి పదకొండింటికి మాటామాటా పెరిగిందనుకోండి, అడ్మిన్లు మాత్రమే మెసేజ్ పెట్టే సెట్టింగ్ ఆన్ చేసి, ‘రేపు పొద్దున తొమ్మిదింటికి తెరుస్తాం’ అని రాసి, చెప్పిన టైమ్‌కి తెరిచెయ్యండి. టైమ్ చెప్పకుండా తాళం వేస్తే అది శిక్ష అనుకుంటారు. నిద్రపోయి లేచాక సగం మందికి కోపం ఉండదు.

మీ స్నేహితుడి విషయంలో గ్రూపులో ఒక్క అక్షరం రాయకండి, ఫోన్ చెయ్యండి. అందరి ముందు అంటే మనిషి తన మాట కోసం కాకుండా పరువు కోసం వాదిస్తాడు. ‘రూలు పెట్టాం రా, మొదట నువ్వే పాటించాలి, నీకు వదిలేస్తే ఎవరికీ చెప్పలేను’ అనండి. మళ్ళీ చేస్తే రాతలో ఒక హెచ్చరిక, ఆ తర్వాత వారం రోజులు తీసెయ్యడం, వారం కాగానే మీరే మళ్ళీ చేర్చడం. శాశ్వతంగా తీసెయ్యడం చివరి పని, అది కూడా అడ్మిన్లందరూ కలిసి నిర్ణయించాలి. వెళ్ళిపోయిన ఆ ఇద్దరికీ మీరే ఫోన్ చెయ్యండి, ఇవాళే. తిరిగి రమ్మని బతిమాలక్కర్లేదు, ఏం బాధ కలిగిందో అడిగి వినండి. అడ్మిన్ పనిలో సగం ఇలాంటి ఫోన్లే, స్క్రీన్ మీద కనబడేది మిగతా సగం.

ప్రశ్న: మా పొదుపు సంఘంలో 12 మందిమి. లీడరక్క మంచిదే, బ్యాంకు పనులన్నీ ఆమెకే తెలుసు. కానీ ఎవరికి అప్పు ఇవ్వాలో ఆమె చెప్పిందే మాట. మాకు వేరే మాట ఉన్నా చెప్పం, రేపు మన అప్పుకు అడ్డం పడుతుందేమోనని. మీటింగ్ ఎందుకు పెడుతున్నామో తెలియట్లేదు.
— సిద్దిపేట జిల్లా నుంచి ఒక సోదరి

జవాబు: అమ్మా, మీరు రాసిన చివరి వాక్యం చదివి బాధేసింది. సంఘాల పంచసూత్రాలు మీకు తెలుసు కదా, క్రమం తప్పని సమావేశం, పొదుపు, లోపలి అప్పులు, తిరిగి కట్టడం, పుస్తకాలు రాయడం. వాటిలో సమావేశాన్ని మొదట పెట్టారు. డబ్బు లెక్క ఎలాగైనా రాసుకోవచ్చు, పన్నెండు మంది ఎదురెదురుగా కూర్చుని ‘ఈ నెల నాకెందుకు కావాలంటే’ అని చెప్పుకోవడం పోతే అది ఒక చిట్టీ వ్యాపారం అయిపోతుంది.

నెల్లూరు జిల్లాలో 1990ల మొదట్లో అక్షరాస్యత తరగతులకు వచ్చిన ఆడవాళ్ళు అక్షరాలతో పాటు తమ ఇళ్ళలో సారా చేస్తున్న నాశనం గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. దూబగుంటలో ఆ మాటలే పోరాటమయ్యాయి, అది జిల్లా దాటి రాష్ట్రమంతా పాకింది, 1993 అక్టోబర్ 1 నుంచి ప్రభుత్వం సారాని నిషేధించాల్సి వచ్చింది. వాళ్ళు మనలాంటి ఆడవాళ్ళే, కూలికి వెళ్ళి వచ్చి రాత్రిపూట కూర్చున్నవాళ్ళు. కూర్చుని మాట్లాడుకోవడం చిన్న పని కాదమ్మా.

ఇప్పుడు మీరు చెయ్యగలిగింది. లీడరక్కతో తగువు పెట్టుకోవద్దు, ఆమె బ్యాంకు పని ఆమెనే చూడనివ్వండి. కానీ మీటింగ్ నడిపే పని వంతులవారీగా చేద్దామని అడగండి, ఈసారి ఒకరు, వచ్చేసారి ఇంకొకరు. ‘అక్కా, అన్నీ నీ ఒక్కదాని మీదే పడుతున్నాయి, మేమూ నేర్చుకుంటాం’ అంటే కాదనడం కష్టం. ఒక్కరే వెళ్ళి అడగకండి, ముగ్గురు కలిసి అడగండి.

అప్పు ఎవరికన్నది నోటితో తేల్చకుండా చీటీల మీద తేల్చండి. అడిగినవాళ్ళందరూ తమ అవసరం చెప్పాక, ప్రతివాళ్ళూ ఒక చీటీ మీద ఎవరికి మొదట ఇవ్వాలో గుర్తు పెట్టి డబ్బాలో వెయ్యాలి. చదువు రానివాళ్ళ కోసం పేర్ల బదులు బొమ్మలు పెట్టుకోవచ్చు, పువ్వు, చెట్టు, గంట ఏదైనా. ఎవరు ఎవరికి వేశారో తెలియనప్పుడు ‘రేపు నాకు అడ్డం పడుతుందేమో’ అన్న భయం ఉండదు. నిర్ణయం పుస్తకంలో రాశాక లేచి వెళ్ళే ముందు గట్టిగా చదివి వినిపించాలి, సంతకం ఆ తర్వాతే. ముందే సంతకాలు పెట్టించుకుని తర్వాత రాయడం చాలా చోట్ల ఉంది, దానికి ఒప్పుకోకండి.

ఇంకో సంగతి అడుగుతాను, మీ ఉత్తరంలో లేదు కానీ అడగకుండా ఉండలేను. మీటింగ్‌లో ఎవరు చాప మీద కూర్చుంటున్నారు, ఎవరు గడప దగ్గర కూర్చుంటున్నారు? ఎవరి ఇంట్లో ఎప్పుడూ మీటింగ్ పెట్టరు? ఎస్సీ వాడ నుంచి వచ్చే అక్క మాట్లాడటం లేదంటే ఆమెకు మాట రాక కాదు, కూర్చున్న చోటే ఆమెకు ఏదో చెప్తోంది. మీటింగ్ ఒక్కో నెల ఒక్కొక్కరి ఇంట్లో పెట్టండి, అందరి ఇంట్లోనూ, టీ కూడా అక్కడే తాగండి.

ప్రశ్న: నేను డాలస్‌లో ఉంటాను. హైదరాబాద్, లండన్ స్నేహితులతో నెలకోసారి జూమ్‌లో తెలుగు కథల మీద మాట్లాడుకుంటాం. టైమ్ కుదరదు, కుదిరినా అందరూ ఒకేసారి మాట్లాడతారు లేదా ఎవరూ మాట్లాడరు.
— అమెరికా నుంచి ఒక పాఠకురాలు

జవాబు: టైమ్‌కి సులువు ఉంది. మీకు శనివారం పొద్దున 9 అయితే లండన్‌లో మధ్యాహ్నం 3, హైదరాబాద్‌లో చలికాలం రాత్రి 8:30, వేసవిలో 7:30. మీ రాత్రి వేళ పెడితే లండన్‌వాళ్ళకి అర్ధరాత్రి దాటుతుంది. అమెరికాలో గడియారాలు మార్చే వారం, బ్రిటన్‌లో మార్చే వారం ఒకటి కావు. అందుకే మార్చి రెండో ఆదివారం నుంచి చివరి ఆదివారం దాకా, అక్టోబర్ చివర్లోనూ కొన్నాళ్ళు లండన్‌కి 3 బదులు 2 అవుతుంది, ఆ నెలల్లో ఒకటికి రెండుసార్లు చూసుకుని పిలుపు పంపండి.

మాటల సంగతికి వస్తే, జూమ్‌లో కళ్ళతో ‘మీరు చెప్పండి’ అనే వీలు లేదు, అందుకే ఒకేసారి మాట్లాడటమో ఎవరూ మాట్లాడకపోవడమో జరుగుతుంది. పేరు పెట్టి పిలవాలి. ‘ఎవరైనా చెప్తారా’ అని అడగకండి, ‘ఇప్పుడు ఫలానా వాళ్ళు, వాళ్ళ తర్వాత ఫలానా వాళ్ళు’ అని రెండు పేర్లు చెప్పండి. రెండో మనిషికి ఆలోచించుకునే టైమ్ దొరుకుతుంది. చెప్పడానికి ఏమీ లేకపోతే ‘ఈసారి వదిలెయ్యండి’ అనే హక్కు అందరికీ ఉండాలి. అడిగే ప్రశ్న ‘కథ ఎలా ఉంది’ అని కాకుండా ‘కథలో ఏ చోట మీరు ఆగి మళ్ళీ చదివారు’ అని ఉంటే, బాగుంది అనే ఒక్క మాటతో ఎవరూ తప్పించుకోలేరు. ఎనిమిది మంది దాటితే ఇరవై నిమిషాలు చిన్న గదులుగా విడగొట్టి మళ్ళీ కలపండి.

ప్రశ్న: పన్నెండేళ్ళుగా మా కాలనీలో నెలనెలా చర్చ నడుపుతున్నాను. ఇప్పుడు ఆరోగ్యం సహకరించడం లేదు. నేను మానేస్తే ఆగిపోతుందని అందరూ అంటున్నారు. గర్వంగానూ ఉంది, భయంగానూ ఉంది.
— విశాఖపట్నం నుంచి ఒక పాఠకుడు

జవాబు: అయ్యా, పన్నెండేళ్ళు ఒక చర్చని నిలబెట్టడం మామూలు విషయం కాదు, ముందు మీకు నమస్కారం. మీరు మానేస్తే ఆగిపోతుందని వాళ్ళంటున్నారంటే దానికి కారణం ఉంది, ఆ పని ఎలా జరుగుతుందో మీకు తప్ప ఎవరికీ తెలియదు. ఎవరికి ఫోన్ చేస్తే హాలు తాళం ఇస్తారు, ఎవరిని పక్కపక్కన కూర్చోబెట్టకూడదు, ఎవరికి రెండుసార్లు గుర్తు చేస్తే గానీ రారు, ఎవరికి చెవి సరిగా వినబడదు కాబట్టి ముందు కుర్చీ ఉంచాలి. ఇదంతా మీ తలలో ఉంది. ఒక నోట్ పుస్తకం తీసుకుని రాయండి, రోజుకి నాలుగు లైన్లు చాలు.

వారసుడి కోసం బాగా మాట్లాడేవాళ్ళని చూడకండి. బాగా మాట్లాడేవాళ్ళు చాలాసార్లు నడపలేరు, వాళ్ళ మనసు తర్వాత తాము ఏం చెప్పాలా అన్నదాని మీదే ఉంటుంది. చర్చ మధ్యలో ‘ఇందాక ఆవిడ ఏదో అనబోయారు’ అని గుర్తు చేసేవాళ్ళు మీ దగ్గర ఎవరో ఒకరు ఉండే ఉంటారు. వాళ్ళు. ఒక్కరిని కాదు, ఇద్దరిని ఎంచుకోండి, ఒకరు నలభైలోపు వాళ్ళయితే మంచిది. మొదటి మూడు నెలలు మీరు కూడా వెళ్ళండి కానీ వెనక కూర్చోండి. ఎవరైనా మీ వైపు తిరిగి ‘మీరేమంటారు సార్’ అంటే, కొత్తగా నడుపుతున్నవాళ్ళ వైపు చెయ్యి చూపించండి. తడబడినా మధ్యలో లేచి సర్దకండి, చెప్పాలనుకున్నది ఇంటికి వెళ్ళాక ఫోన్‌లో చెప్పండి. నాలుగో నెల పిలుపు వాళ్ళ పేర్లతోనే వెళ్ళనివ్వండి, హాలు తాళం కూడా ఆ రోజే ఇచ్చెయ్యండి.